దాచుట – పాఱవేయుట

గృహమును నడపుట మిక్కిలి స్వల్పమైన విషయమని తలచువారు పెక్కుమంది గలరు. అది యాడువారి పనియనియు, బడిలో చదువుకొనువారికిని, చదువు చెప్పువారికిని దానితో నేమియు సంబంధము లేదనియు వారందురు. మేమును చాలకాల మట్లే తలచితిమి. గత సంవత్సరము క్రిస్మసు పండుగకు ముందును, తరువాతను జరిగిన యొక చిన్న సంగతి మా యభిప్రాయమును మార్చినది. ముందుగా దానిని జెప్పి, పిమ్మట మాకు దోచిన నాలుగు మాటలు మన పత్రిక చదువరుల యెదుట నుంచెదము.

ప్రతి సంవత్సరమును పండుగకు ముందు ఇంటికి వెల్ల వేయించుట మాకు వాడుక. వెల్ల వేయవలెనన్న అటకపైనున్న సామాను దింపవలెను. దింపి చూడగా నిల్లంతయు నిండిపోయినది. పగిలిన ప్లాస్టికు బిందెలు రెండు, పలుకని రేడియో యొకటి, ఎవరెవరో పంపిన శుభలేఖల కట్టలు, పనికివచ్చునని దాచిన అట్టపెట్టెలు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు, వీనితోబాటు పాతబట్టలు నిండిన సంచులు రెండు. మాకు విసుగు పుట్టెను. “బట్టలు పేదపిల్లలకు బంపివేయుదము, తక్కినవి పాఱవేయుదము” అని తీర్పు జెప్పి, యా సంచుల ముడియైన విప్పి చూడక వసతిగృహపు పిల్లలకొఱకు బట్టలు పోగుచేయుచున్నవారికి బంపితిమి. ఇల్లును శుభ్రమైనది, పుణ్యమును దక్కినదని యా రాత్రి సుఖముగా నిద్రించితిమి.

జనవరి మాసమున బడి తెఱచిరి. ఎనిమిదవ తరగతిలో నొక పిల్లవానిని లేచి పద్యము చదువుమంటిమి. వాడు లేచెను గాని, ఒక చేత పుస్తకమును, రెండవ చేత చొక్కా ముందుభాగమును బట్టుకొని నిలిచెను. రెండు చేతులతో పుస్తకము పట్టుకొమ్మని మేము గద్దించితిమి. వాడు చేయి దీసెను. చొక్కాకు నడుమ రెండు బొత్తాములు లేవు. ఒక చోట తుప్పుపట్టిన పిన్నీసు గలదు. జేబుపై నీలిసిరా మరక యొకటి యుండెను. ఆ మరకను మే మెఱుగుదుము. అది మా కుమారుని చొక్కా. ఆ బొత్తాములు మా యింటనే యూడిపోయినవి. వానిని గుట్టించుటకు బద్ధకించియే యా చొక్కాను సంచిలో గుక్కితిమి. మా చెత్తను మోయుటకు మేమొక పిల్లవానిని నియమించి, దానికి దానమని పేరుపెట్టితిమి. వాని కీ సంగతి తెలియదు. ఎప్పటికిని తెలియకుండుగాక యని తలచి వానిని గూర్చుండుమంటిమి.

ఆ సాయంకాలము సూదియు, దారమును, ఒక పొట్లము బొత్తాములును గొనుక్కొని వసతిగృహమునకు బోయి, బొత్తాములు లేని చొక్కాలు ఎవరికున్నను దెండని చెప్పితిమి. ఒక్కనినే పిలిచిన వాడు సిగ్గుపడునని యట్లు చేసితిమి. పదునొకండు చొక్కాలు వచ్చినవి! నలువదియారేండ్ల వయసును, పట్టపరీక్షయు, ఉపాధ్యాయ శిక్షణమును గల మాకు బొత్తాము గుట్టుట రాదని యప్పుడు తెలిసినది. ఆఱవ తరగతి పిల్లవాడొకడు జాలిపడి, “మాస్టారండీ, ముడి లోపలివైపున పడాలండీ” అని సూదిని మా చేతినుండి తీసికొనెను. ఆనాడు వాడు మాకు గురువు.

అప్పటినుండి మే మీ విషయమును గూర్చి యాలోచించుచున్నాము. అక్కఱలేని వస్తువులను అటకపై గుప్పలువేయుట యొక దోషము. కుప్ప పెరిగినపిదప కన్నులు మూసికొని పాఱవేయుట రెండవ దోషము. ఈ రెండును విరుద్ధములని లోకులు తలతురు గాని, మా యెఱుకలో నవి యొక్క తల్లి బిడ్డలే. రెండింటను మనము వస్తువువంక చూడము. చూచినయెడల, ఇది యెందులకు వచ్చినది, ఇంకను పనిచేయునా, బాగుచేయవచ్చునా, ఎవరికి నిజముగా నుపయోగించును, అను ప్రశ్నలు పుట్టును. ఆ ప్రశ్నలకు శ్రమపడవలెను. శ్రమ తప్పించుకొనుటకే దాతుము. శ్రమ తప్పించుకొనుటకే పాఱవేయుదుము.

మన పెద్దలు దాచుట యెఱిగినవారు. అయితే వారు దాచిన తీరు వేఱు. వేసవి వచ్చినదనగా తెలుగింటిలో నావకాయ తలపునకు వచ్చును. పుల్లని గట్టికాయ యేరి, కడిగి, తడిలేకుండ తుడిచి, టెంకతోగూడ ముక్కలు గొట్టి, ఆవపొడి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీలో బెట్టుదురు. మూడవనాడు తిరుగ గలిపి, నూనె పైకి దేలునట్లు చూతురు. ఉప్పు ముక్కలోని నీటిని లాగును; ఉప్పును, మామిడి పులుపును గలిసి క్రుళ్లు పుట్టించు సూక్ష్మజీవులను పెరుగనీయవు; పైని తేలు నూనె గాలిని దగ్గఱకు రానీయదు. తడిగరిటె పెట్టినచో బూజు పట్టునని మన తల్లులు తిట్టుట యూరక కాదు. ఆ తిట్టులో రసాయనశాస్త్రము గలదు.

ఆవకాయ యొక్కటియే కాదు. ఎండలు మెండుగా నుండగనే బూడిదగుమ్మడి వడియములు, అప్పడములు, చల్లమిరపకాయలు మిద్దెలపై నెండును. కొత్త చింతపండును గింజదీసి, ఉప్పు చేర్చి, కుండల కెత్తుదురు. వానలు పడగానే గోంగూరయు, తోటకూరయు. చలికాలమున చిక్కుడుకాయలు, ఉసిరికలు, చింతకాయ తొక్కు, పిల్లలకు తేగలు, రేగుపండ్లు. ఏ ఋతువున నేది విరివిగా దొరకునో దానినే తినుట, మిగిలినదానిని దొరకని ఋతువునకు దాచుట, ఇది వారి లెక్క. ఆ కాలపు కాయగూర చవకగా నుండును, దూరమునుండి రానక్కఱలేదు గనుక తాజాగను నుండును. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ దాచుటకొక గడువు గలదు. మరుసటి మామిడికాపునకు జాడీ ఖాళీ కావలెను. ఖాళీ కానిచో నింటి యిల్లాలు వచ్చేయేడు తక్కువ పెట్టును. గడువు గల దాపు పొదుపు. గడువు లేని దాపు పోగు. అటకపైనున్న మా అట్టపెట్టెలకు గడువు లేదు.

వంటయింట వ్యర్థమను మాటయే యొకప్పుడు తక్కువగా వినబడెడిది. బీరకాయ కూరయైనచో దాని పొట్టు పచ్చడియగును. అన్నము వార్చిన గంజి కొంత త్రాగుటకును, కొంత బట్టలకు బెట్టుటకును వచ్చును. బియ్యము కడిగిన నీరు కుడితితొట్టిలో పశువునకు జేరును. పులుసు పిండిన చింతపండు పిప్పితో నిత్తడి చెంబులు తోముదురు. చిట్టచివరకు మిగిలినది పెంటకుప్పకు బోయి, ఎరువై, మఱల చేనికి జేరును. పాతచీర మొదట పసిబిడ్డకు ఉయ్యెలయై, తరువాత పొరలు పొరలుగా బొంతయై, కడకు చేతిగుడ్డ యగును. ఊరివీథిలో పాతబట్టలు పుచ్చుకొని స్టీలుగిన్నె లిచ్చువారు రాగా, గిన్నెకు చీర లెన్ని యని గంటసేపు బేరమాడని యిల్లాలు లేదు.

ఇంతవఱకు చెప్పి ముగించినయెడల మేము సత్యములో సగమే చెప్పినవారమగుదుము. పాతకాలమును పొగడుట సులభము. కాని యా పొదుపునకు వెల నిచ్చిన దెవరు? మా బాల్యమున రాత్రి మిగిలిన యన్నమును ఉదయము తినునది మా తల్లిగారే. మాకు వేడి యన్నము. ఆమెకు చద్దన్నమును, ఉల్లిపాయయు. బీరపొట్టు పచ్చడి రుచిని మేము మెచ్చుకొంటిమి గాని, ఆ పొట్టు దీసి, వేచి, రోట నూఱినచేతుల నెన్నడును జూడలేదు. బొంత వెచ్చగా నున్నదంటిమి. దీపపు వెలుతురున దానిని గుట్టిన కన్నుల నొప్పి యెఱుగము. మఱియు నా పొదుపులో పెక్కుపాలు లేమివలన గలిగినదే గాని, వివేకమువలన మాత్రమే గలిగినది కాదు. కావున “మన పూర్వులవలె నుండుడు” అని మేము చెప్పము. వారి తెలివిని గైకొని, దాని బరువును ఇంటిలోని యందఱును బంచుకొనుడని చెప్పుచున్నాము. అమ్మ యొక్కతె చేయు పొదుపు పొదుపు కాదు. అది తక్కినవారి సోమరితనము.

ఇక నేటి సంగతి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమమువారు 2024 లో ప్రకటించిన నివేదికనుబట్టి, 2022 లో ప్రపంచమందు 105 కోట్ల టన్నుల యాహారము వ్యర్థమయ్యెను. అందు నూటికి 60 వంతులు గృహములలో పాఱవేసినదే. మన దేశపు గృహములలో మనిషి యొక్కనికి సంవత్సరమునకు 55 కిలోగ్రాములని యా నివేదికలోని యంచనా. తొక్కలు, టెంకలు మొదలగు తినరాని భాగములును ఇందు జేరియున్నవి. అయినను ఇది సిగ్గుపడదగిన లెక్కయే. ఇంటింట శీతలపెట్టె వచ్చినది. పాడుగాకుండ కాపాడుటకు దానిని గొనుచున్నాము గాని, చాల యిండ్లలో నది నిన్నటి కూరను మఱచిపోవుటకు పనికివచ్చుచున్నది. ఇచట నొక హెచ్చరిక. పొదుపు పేర పాడైన యన్నము తినరాదు. వండిన యన్నమును వెచ్చని చోట చాలగంటలు విడిచిపెట్టినయెడల, దానిలో బుట్టు కొన్ని విషములు మఱల గాచినను నశింపవు. కావున మిగిలినదానిని త్వరగా చల్లార్చి దాచవలెను. అంతకంటె మేలు, కొలిచి వండవలెను.

పెంటకుప్పయు మారినది. ఒకప్పుడు దానిలో మట్టిలో గలియనిది లేదు. నేడు అన్నపు మెతుకులు, ప్లాస్టికు సంచులు, మందుసీసాలు, బ్యాటరీలు ఒక్క బుట్టలోనే పడుచున్నవి. తడిచెత్త తగిలిన కాగితము మఱల కాగితము చేయుటకు బనికిరాదు. పెద్దకుప్పల యడుగున గాలి తగులక క్రుళ్లు తడిచెత్తనుండి మీథేను వాయువు పుట్టి భూమి వేడిని హెచ్చించును. అందుచేతనే 2016 లో మన దేశమున ప్రకటింపబడిన నియమములలో తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త వేర్వేఱుగ నుంచవలెనని విధించిరి. 2022 జులై 1 మొదలు ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, గరిటెలు మొదలగువానిని నిషేధించిరి. అయినను విందు ముగిసిన మరునాడు మన వీథులు చూచినవారికి నియమము వేఱు, నడవడి వేఱు అని తెలియును. చట్టము గుమ్మమువఱకే రాగలదు. వంటయింటిలోనికి మనస్సాక్షి రావలెను.

భోగినాడు పాతవస్తువులను మంటలో వేయు నాచారము మన తెలుగుదేశమున గలదు. ఆవుపిడకలు, విరిగిన కఱ్ఱలు, ఎండుటాకులు వేసినకాలమున నది చలికాచుకొను మంటయై, మిగిలిన బూడిద తోటకూరమడికి జేరెడిది. నేడు కొందఱు సైకిలుటైర్లు, ప్లాస్టికు కుర్చీలు వేయుచున్నారు. కొన్ని ప్లాస్టికులు కాలునప్పుడు డయాక్సినులను మహావిషములు పుట్టును. ఆ పొగను ముందుగా పీల్చువారు మంటచుట్టు జేరిన పసివారే. ఆచారము పాతదే గాని వస్తువు క్రొత్తది. వస్తువును జూడక ఆచారమును మాత్రము నడపుట కూడ కన్నులు మూసికొనుటయే.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. “క్రొత్తచొక్కా చవకగా దొరకుచుండగా పాతదానికి బొత్తాము గుట్టుటయేల? కాలమునకు విలువ లేదా?” అని కొంద ఱడుగుదురు. గలదు. కాని బొత్తాము గుట్టుటకు బట్టుకాలము అయిదు నిమిషములు. ఫోనులో క్రొత్తచొక్కా కొఱకు వెదకుటకు మా కుమారుడు గంట పుచ్చుటను మేము గడియారము పెట్టి చూచితిమి. చవక యను మాటలో, పత్తిచేనికి బెట్టిన నీరును, కుట్టినవారి కూలియు, పాఱవేసినపిదప దానిని మోయువాని శ్రమయు లెక్కకు వచ్చుట లేదు.

రెండవ యాక్షేపణ మా తల్లిగారిది. పండుగకు అటక దింపిననాడు, తాను గుట్టిన పాతబొంత యొకటి కనబడక ఆమె రెండుదినములు వెదకినది. చినిగినదని మేము పాఱవేసితిమి. ఆమె మమ్ము నిందింపలేదు. “నన్నొక్క మాట అడిగి ఉంటే బాగుండేదిరా” అని మాత్ర మనినది. ఆ బొంతలో మా నాయనగారి పంచె యొకటి యున్నదని పిమ్మట దెలిసినది. దీనికి మా యొద్ద జవాబు లేదు. పనికివచ్చుట యొక్కటే వస్తువునకు విలువ కాదు. కావున మొదటి సూత్రము పొదుపును గూర్చినది కాదు, మర్యాదను గూర్చినది: పరుల వస్తువును వారి నడుగక పాఱవేయరాదు. మన సామాను మనము తగ్గించుకొనవచ్చును. ఇతరుల జ్ఞాపకములను మనము సర్దరాదు.

విద్యార్థినీ విద్యార్థులారా, తక్కిన సూత్రములు మీ కొఱకు. బాలికలకు మాత్రమే యని బాలురు తలపకుందురు గాక. వేసవి సెలవులలో నింట ఆవకాయ పెట్టునాడు ముక్కలు తుడుచుట, జాడీ యెత్తుట మీ పని. మీ బొత్తాము మీరే కుట్టుకొనుడు. ఇంటిచెత్తను వేఱుపఱచుట మీరు పూనుకొనుడు. రెండు బుట్టలును, ఒక సంచియు జాలును. సంవత్సరమున కొకసారి మీ పెట్టె మీరే దింపి, ఒక్కొక్క వస్తువును చేతబట్టి చూడుడు. ఉంచదగినదానిని వాడుడు. ఈయదగినదానిని ఉతికి, కుట్టి, మడిచి యిండు. మీరు పండుగనాడు తొడుగుకొనుటకు సిగ్గుపడు బట్టను పండుగకానుకగా నితరులకు బంపకుడు. చినిగినది చినిగినదే, దానిని చేతిగుడ్డ చేసికొనుడు, దాన మనకుడు.

పాఠశాల పెద్దలకును మా మనవి యొకటి గలదు. వారమున కొక గంట చేతిపనికై యేర్పఱచి, సూదియు, సుత్తియు, అట్టలు కుట్టు దబ్బనమును బాలబాలికల కందఱకును నేర్పింపవలెను. వసతిగృహమున వడ్డించునప్పుడు, చాలునని చెప్పిన పిల్లవానికి బలవంతముగ వడ్డింపరాదు. ఇంకను కావలెనని చెప్పినవానిని గసరరాదు. ఈ రెండును జరిగినగాని పళ్లెములలో మిగులుట తగ్గదు. బట్టలు పోగుచేయునప్పుడు సంచి విప్పి చూచి, బాగుచేయనిదానిని దాతకే మఱల పంపవలెను. ముందుగా మా సంచినే పంపియుండిన మా కెంతో మేలు చేసియుందురు.

అయిదువేలమందికి ఆహారము పెట్టిన పిమ్మట, మిగిలిన ముక్కలను బోగుచేయుడని ప్రభువు శిష్యులకు జెప్పిన వృత్తాంతమును మన మందఱ మెఱుగుదుము. అంత సమృద్ధి గలవాడు ముక్కల నేల లెక్కపెట్టెనని బాల్యమున మేమొకసారి యడిగితిమి. ఉపదేశకుడు చెప్పిన జవాబు జ్ఞాపకము లేదు. ఇప్పుడు మాకు దోచున దేమనగా, సమృద్ధిగా నున్నప్పుడే లెక్క యవసరము. లేనినాడు లెక్క తనంతటనే వచ్చును.

మేము కుట్టిన బొత్తాములలో మూడు మరుసటి వారమే యూడిపోయినవని విన్నాము. ఆఱవ తరగతి పిల్లవాడు కుట్టినవి ఇంకను నిలిచియున్నవట. ఇపుడు శనివారపు సాయంకాలములందు వానియొద్ద నేర్చుకొనుచున్నాము. ఈ వ్రాతలో తప్పులున్న చదువరులు మన్నింతురు గాక.